పరిశీలనలో ఉంది

జూన్ 9, సోమవారం

రిజిస్ట్రారు గారు పిలిచి కొత్త పని అప్పజెప్పారు. పైనుంచి ఉత్తర్వు వచ్చిందట. తప్పు చేశారని ఎవరి మీదైనా ఆరోపణ వస్తే మన విశ్వవిద్యాలయం ఎలా విచారిస్తోందో విద్యార్థులనే అడగాలి. వాళ్ల అభిప్రాయాలన్నీ పోగుచేసి నెలలోగా నివేదిక ఇవ్వాలి. పరీక్షలో కాపీ కొట్టారని పిల్లల మీద వచ్చేవీ, అధ్యాపకుల మీద పిల్లలు ఇచ్చేవీ, అన్నీ అందులోకే.

"పదకొండేళ్లుగా ఫిర్యాదుల సెక్షన్ చూస్తున్నారు. మీకంటే ఎవరికి తెలుసమ్మా?" అన్నారు. "ఓ ఫారం పంచండి. నాలుగు టిక్కులు పెట్టించండి. మొత్తం మీద సంతృప్తికరం అని రెండు పేజీలు రాసి పడేయండి. అంతే."

నాకూ అంతే అనిపించింది. రెండు రోజుల పని.

జూన్ 11, బుధవారం

ఫారం తయారయింది. పది ప్రశ్నలు. ఒక్కో ప్రశ్నకి మూడు గళ్లు: చాలా బాగుంది, బాగుంది, ఫరవాలేదు.

మా అటెండరు నాకంటే ముందునుంచీ ఈ సెక్షన్లో ఉన్నాడు. వచ్చే ఏడు రిటైరవుతాడు కాబట్టి నోటికి అడ్డూ ఆపూ లేదు. కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అమ్మా, హోటలువాడు కూడా 'ఎలా ఉందండీ' అని అడిగాక మన మొహం చూస్తాడు. మీరు మొహం చూడకుండానే బాగుందని రాసేసుకున్నారు."

నవ్వొచ్చింది. నాలుగో గడి పెట్టాను. బాగాలేదు. కింద రెండు గీతలు కూడా గీశాను, ఇంకేమైనా చెప్పాలనుకునే వాళ్ల కోసం.

జూన్ 16, సోమవారం

ఆరువందల పన్నెండు ఫారాలు వచ్చాయి. వందొస్తే గొప్ప అనుకున్నాను.

రెండు గీతలు ఎవరికీ సరిపోలేదు. కాగితం తిరగేసి రాశారు, అంచుల వెంట నిలువుగా రాశారు. ఒకమ్మాయి మూడు కాగితాలు జతచేసి సూదీదారంతో కుట్టి ఇచ్చింది. ఒకడు మాత్రం పది ప్రశ్నలకీ ఒకటే జవాబు రాశాడు, క్యాంటీన్లో చేతులు కడుక్కునే కుళాయి పాడైందని. వాడి బాధ వాడిది.

మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా కుర్చీలోంచి లేవలేదు. టీ చల్లారిపోయింది. ఇంత రాయాలని ఉందా వీళ్లకి? రోజూ నా కిటికీ ముందునుంచే కదా నడిచివెళ్తారు, నవ్వుకుంటూ, ఒకళ్లనొకళ్లు తోసుకుంటూ. ఇదంతా ఎక్కడ పెట్టుకుని తిరిగారు?

నలభై ఒక్క ఫారాల్లో ఒకే మాట, కొటేషన్లలో: "పరిశీలనలో ఉంది."

అది మా సెక్షన్ ఉత్తరంలోని వాక్యం. "మీ ఫిర్యాదు పరిశీలనలో ఉంది. నిర్ణయం యథాసమయంలో తెలియజేయబడును." నేనే టైపు చేస్తాను. అందులో తప్పేమీ లేదు. వ్యాకరణం కూడా సరిగానే ఉంది.

జూన్ 17, మంగళవారం

ఫిర్యాదులు నేను చదవను. రిజిస్టరులో ఎక్కించి, నంబరు వేసి, ముద్ర కొట్టి కమిటీకి పంపడం వరకే నా పని.

ఇది ఇక్కడెందుకు రాసుకుంటున్నానో.

జూన్ 19, గురువారం

ఫారాలతో పాటు ముఖాముఖి కూడా ఒకటి జరపమని ఉత్తర్వులో ఉంది. పద్నాలుగో నంబరు గదిలో మూడు గంటలకి అని నోటీసు పెట్టాను. పదిమంది వస్తారని పన్నెండు కుర్చీలు వేయించాను.

మూడింటికి తలుపు తీసి చూస్తే మెట్ల కిందదాకా నిలబడి ఉన్నారు. కేకలు లేవు, అట్టముక్కల మీద నినాదాలు లేవు. పక్క గదుల్లోంచి బెంచీలు మోయడానికి అటెండరు వంగేలోపే పాతికమంది అందుకున్నారు. మూడు నిమిషాల్లో అందరూ కూర్చున్నారు, కిటికీ గట్ల మీద, నేల మీద, గుమ్మంలో.

నియమాలు కూడా వాళ్లే పెట్టుకున్నారు. మనిషికి అయిదు నిమిషాలు. ఎవరి పేరూ చెప్పకూడదు. ఒకళ్లు మాట్లాడుతుంటే ఇంకొకళ్లు అడ్డుపడకూడదు. మా కౌన్సిల్ సమావేశాల్లో ఈ పదకొండేళ్లలో ఒక్కసారైనా ఇంత క్రమం చూడలేదు.

మొదట లేచినవాడు తాటిచెట్టంత పొడుగు. పరీక్షలో వాడి బల్ల కింద ఎవరిదో చీటీ దొరికిందట. విచారణ పూర్తయ్యేదాకా ఫలితాలు ఆపేశారు. పద్నాలుగు నెలలు.

"చివరికి కమిటీ పిలిచింది మేడమ్. చీటీ మీద రాత చూశారు, నా రాత చూశారు. నీది కాదు, వెళ్లు అన్నారు. పది నిమిషాలు. ఆ పది నిమిషాలు మొదటి వారంలో ఎవరికీ దొరకలేదా?" గొంతులో కోపం లేదు, నిజంగానే తెలుసుకోవాలని అడుగుతున్నట్టుంది. "ఫలితాలు ఎందుకు రాలేదురా అని మా అమ్మ నెలనెలా అడిగేది. నెలకో సాకు చెప్పాను. నేను మోసగాణ్ణి కాదని తేలేలోపు మా అమ్మకి పద్నాలుగు అబద్ధాలు చెప్పాను."

అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు. నేను నోట్సు రాసుకుంటున్నట్టు తల వంచుకున్నాను.

ఒకళ్ల తర్వాత ఒకళ్లు. ఎవరూ ఏడవలేదు. ఏడిస్తే నాకు తేలికగా ఉండేదేమో.

ఆఖరున పసుపు సంచి భుజానికి తగిలించుకున్న అమ్మాయి లేచింది. సన్నగా ఉంది. పరిశోధన విద్యార్థినట. మా ఉత్తరం నంబరుతో సహా అప్పజెప్పింది. నేను రాసిన వాక్యాలు ఆ గొంతులో వింటుంటే ఎవరో పరాయివాళ్లు రాసినట్టున్నాయి.

"రెండేళ్లయింది మేడమ్. నేను ఒక్కటే అడగాలి. నేనిచ్చిన నాలుగు పేజీలు ఎవరైనా చదివారా?"

గదంతా నా వైపు చూసింది.

"పైకి పంపాం అమ్మా."

"పంపారని తెలుసు. చదివారా అని."

"నంబరు వేసి పంపడం వరకే మా సెక్షన్ పని. చదవడం కమిటీ..."

"కమిటీని అడిగాను. ఆ ఫైలు తెరవలేదన్నారు." సంచిలోంచి నోటుబుక్కు తీసి ఏదో రాసుకుంది. "అయితే ఎవరూ చదవలేదన్నమాట. థాంక్యూ మేడమ్."

నమ్మేసింది. అలా తలూపి, నమ్మేసి, కూర్చుంది.

జూన్ 20, శుక్రవారం

తలనొప్పి. సెలవు పెట్టాను.

జూన్ 22, ఆదివారం

చదివాను.

రెండేళ్ల కిందట, మార్చిలో, భోజనాల వేళ. డబ్బా మూత తీసి పక్కన పెట్టుకుని మొదటి పేజీ మొదలుపెట్టాను. పూర్తయ్యాక మళ్లీ మొదటినుంచి చదివాను. అన్నం తినలేదు.

కొట్టివేత ఒక్కటి లేదు ఆ నాలుగు పేజీల్లో. ప్రయోగశాలలో చేప గుడ్ల మీద ఏదో మందు ప్రభావం చూస్తారట. ఈ అమ్మాయి లెక్కపెడితే యాభైలో ముప్పైఒకటి చచ్చిపోయాయి. గైడు అచ్చువేసిన వ్యాసంలో పదమూడు అని ఉంది. అడిగితే నవ్వాడు. రెండోసారి అడిగితే ప్రయోగశాల తాళంచెవి తీసుకున్నాడు. ఆయన్ని ఒక్క మాట అనలేదు ఆ అమ్మాయి. చివర ఇలా రాసింది, నాకు అక్షరం పోకుండా గుర్తుంది: "నేను పొరబడి ఉండవచ్చు. గుడ్లు సీసాల్లో భద్రంగా ఉన్నాయి, అలమారా రెండో అరలో. దయచేసి ఎవరైనా వచ్చి నాతో కూర్చుని మళ్లీ లెక్కపెట్టండి."

అప్పటికి కమిటీ సమావేశమై ఎనిమిది నెలలు. మినిట్స్ పుస్తకం నా బీరువాలోనే ఉంటుంది, నాకు తెలియకపోవడం ఏమిటి? అయినా నంబరు వేశాను, ముద్ర కొట్టాను. సాయంత్రం బస్సు పోతుందని గబగబా ఉత్తరం టైపు చేశాను. పరిశీలనలో ఉంది.

ఇవాళ పొద్దున మా ఆయనకి చెప్పాను. బస్సు డిపోలో మెకానిక్కు ఆయన. ఆదివారమైనా గోళ్లలో గ్రీజు పోదు. అంతా విని, "చదివానని చెప్తే ఏమవుతుంది?" అన్నాడు.

"మెమో ఇస్తారు. సెక్షన్ మారుస్తారు."

"సరే. బ్రేకు పట్టట్లేదని డ్రైవరు రాసిచ్చిన కాగితం నేను చదివి, చూస్తాంలే అని జేబులో పెట్టుకున్నాననుకో. నన్నేమంటావు?"

"అది వేరండీ."

"ఏం వేరు?"

పళ్లెం తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయాను. కడిగిన పళ్లేన్నే మళ్లీ కడిగాను.

జూన్ 25, బుధవారం

రిజిస్ట్రారు గారు లెక్కలు చూశారు. ఆరువందల పన్నెండులో నాలుగువందల ఎనభై ఎనిమిది "బాగాలేదు".

"ఈ గడి ఎవరు పెట్టమన్నారు?"

"నేనే పెట్టానండి."

"తీసేసి మిగతావాటితో శాతం కట్టండి. కౌన్సిల్ నాలుగో తారీఖున." కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "మీ మీద నమ్మకంతోనే ఇచ్చానమ్మా ఈ పని." ఆయన చెడ్డవాడు కాదు. మా అమ్మాయి ఆసుపత్రిలో ఉన్నప్పుడు అడక్కుండానే నెల రోజులు సెలవిచ్చారు. అదీ గుర్తొచ్చింది, వద్దన్నా.

తిరిగొచ్చేసరికి బల్ల మీద పసుపు సంచి అమ్మాయి పెట్టివెళ్లిన కాగితాలున్నాయి. పిల్లలంతా కూర్చుని రాసుకున్న తొమ్మిది కోరికలు. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. ఫిర్యాదు ఎవరు చదివారో పేరు ఉండాలి. ఇలాంటివి.

మూడోది చదివి ఆగిపోయాను. "ఆరోపణ ఎవరి మీద వచ్చిందో వారిని వారంలోగా పిలిచి వారి మాట పూర్తిగా వినాలి. తేలేదాకా వారి పేరు బయటపెట్టరాదు. అనుమానంతో బతకడం ఎవరికీ న్యాయం కాదు."

చేతిరాత ఆ అమ్మాయిదే. తన తాళంచెవి లాక్కున్న మనిషికి కూడా రక్షణ అడుగుతోంది. నాకు యాభై మూడేళ్లు. ఇంత పెద్ద మనసు ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. ఆ అమ్మాయి వయసులో నేను దేని గురించి ఆలోచించేదాన్నో తలుచుకుంటే సిగ్గేసింది.

జూన్ 27, శుక్రవారం

కబురు పంపితే వచ్చింది. ఆఫీసులో చెప్పలేక మెట్ల దగ్గరికి తీసుకెళ్లాను.

"ఆ రోజు అబద్ధం చెప్పానమ్మా. నీ నాలుగు పేజీలు నేను చదివాను."

భుజం మీది సంచి పట్టీ సర్దుకుంది.

"మొత్తం చదివారా?"

"రెండుసార్లు."

"ఎక్కడైనా అర్థం కాలేదా?"

"అంతా అర్థమైంది తల్లీ."

మెట్టు మీద కూలబడింది. సంచి ఒళ్లో పెట్టుకుంది. "రెండేళ్లుగా నాకు సరిగ్గా రాయడం రాదేమో అనుకుంటున్నాను మేడమ్. ఎవరికీ అర్థం కాలేదేమో, ఇంకోలా చెప్పి ఉండాల్సిందేమో అని. ఎన్నిసార్లు తిరగరాసుకున్నానో."

నేను వెనక్కి తిరగబోయాను. అక్కడ నిలబడే అర్హత లేదనిపించింది.

"వెళ్లకండి. నాకిప్పుడు చాలా కోపంగా ఉంది. కాసేపు ఉంటుంది. మీరు కూర్చోండి."

కూర్చున్నాను. తరగతులు వదిలారు, పిల్లలు మా రెండు పక్కలనుంచీ దిగిపోయారు. ఆ అమ్మాయి నావైపు చూడలేదు. మెట్లు ఖాళీ అయ్యాక అడిగింది.

"ఇది నివేదికలో రాస్తారా?"

"రాస్తాను."

"తేదీతో సహా రాయండి," అంది లేస్తూ.

జూన్ 30, సోమవారం

రాశాను. తేదీతో సహా. ఏ గడీ తీయలేదు.

జూలై 4, శుక్రవారం

బాగా పొద్దుపోయింది. అయినా రాస్తాను.

నివేదిక మీద సంతకం చేసినవాళ్లే కౌన్సిల్లో చదవాలని పై కార్యాలయం వాళ్లన్నారు. నా కాగితాలు పొద్దున్నే చూసిన రిజిస్ట్రారు గారు నన్ను ఆపలేదు. నీళ్ల గ్లాసు మాత్రం నా వైపు జరిపారు. పొడుగాటి బల్ల చుట్టూ పందొమ్మిది మంది. గోడ వారగా విద్యార్థులకి రెండు కుర్చీలిచ్చారు. పసుపు సంచి అమ్మాయి, పొడుగాటి అబ్బాయి.

మొదటి పేజీ నాదే. ఫలానా తేదీన ఫలానా నంబరు ఫిర్యాదు నేను రెండుసార్లు చదివాను, కమిటీ సమావేశం కావడం లేదని నాకు తెలుసు, అయినా పరిశీలనలో ఉందని రాశాను, మొన్న అడిగితే చదవలేదని అబద్ధం చెప్పాను. తర్వాత పిల్లల మాటలు చదివాను, ఒక్క మాట మార్చకుండా. పద్నాలుగు అబద్ధాల దగ్గర ఎవరో కుర్చీలో కదిలారు.

కౌన్సిల్లో ఒక రిటైరైన జడ్జి గారున్నారు, ఏ సమావేశంలోనైనా కళ్లు మూసుకునే ఉంటారు. ఆయన కళ్లు తెరిచారు.

"ఆ నాలుగు పేజీలు ఇప్పుడెక్కడున్నాయి?"

కమిటీ దగ్గర్నుంచి తెప్పించిన ఫైలు నా చేతిలోనే ఉంది. ఇచ్చాను. నిదానంగా మొత్తం చదివారు. మిగతా పద్దెనిమిది మందీ ఆయన పేజీలు తిప్పడం చూస్తూ కూర్చున్నారు. చివరి వాక్యం పైకి చదివి, ఫైలు మూయకుండా అడిగారు.

"ఎవరైనా వెళ్లి లెక్కపెట్టారా?"

లేదని నేనే తల అడ్డంగా ఊపాను.

"ఇంత చిన్న కోరిక," అన్నారాయన. ఎవరితోనో కాదు, ఆ కాగితంతో.

గుడ్లు బయటివాళ్ల చేత లెక్కపెట్టించాలని తీర్మానం. తొమ్మిది కోరికల్లో మూడు అక్కడే ఒప్పుకున్నారు: ముప్పై రోజుల గడువు, చదివినవాళ్ల పేరు, ఆరోపణ వచ్చినవాళ్లని వారంలోగా పిలవడం. మిగతా ఆరూ పరిశీలనలో ఉన్నాయట. అది విని పొడుగాటి అబ్బాయి గట్టిగా నవ్వేశాడు, అధ్యక్షుల వారికి ఎందుకో అర్థం కాలేదు.

బయటికొచ్చేసరికి మెట్ల నిండా పిల్లలు. చప్పట్లు కొడతారేమోనని భయపడ్డాను. కొట్టలేదు. నన్ను చూసి కాస్త కాస్త జరిగి చోటిచ్చారు. వాళ్ల మధ్య కూర్చుని ఎవరిదో సీసాలో నీళ్లు తాగాను.

జూలై 7, సోమవారం

మెమో, బదిలీ, రెండూ ఒకే కవరులో వచ్చాయి. పాత రికార్డుల గదికి. కిటికీ లేదు.

అటెండరు నా కుర్చీ మోసుకుంటూ వెంట వచ్చాడు. "కొత్త మేడమ్ గారికి కొత్త కుర్చీ ఇస్తారు. దీనికి మీ నడుము అలవాటమ్మా." దింపి, గదంతా కలియజూశాడు. "ఫరవాలేదు. చాలా బాగుంది, బాగుంది, ఫరవాలేదు. మూడు గళ్లకీ సరిపోయింది."

ఇద్దరం కడుపుబ్బ నవ్వాం.

ఆగస్టు 18, సోమవారం

బయటినుంచి ముగ్గురొచ్చారు. వాళ్ల వెంట కూర్చుని ఆ అమ్మాయీ లెక్కపెట్టిందట. సీసాలు తెరిచి, ఒక్కో గుడ్డూ విడివిడిగా అద్దం కింద పెట్టి చూశారు. రెండు రోజులు.

ముప్పైఒకటి.

వ్యాసం వెనక్కి తీసుకున్నారు. ఆయన్ని గైడుగా తప్పించారు. అంతకుముందు వారంలోగా ఆయన్ని పిలిచి ఆయన చెప్పేదంతా విన్నారు, పేరు నోటీసు బోర్డు ఎక్కలేదు. ఆ నియమం మొదట ఉపయోగపడింది ఆయనకే. ఈ మాట మా ఆయనకి చెప్తే, స్పానరు తుడుస్తున్నవాడు చెయ్యి ఆపి, "ఆ పిల్ల ఎవరి పిల్ల?" అన్నాడు. ఎవరి పిల్లో నాకేం తెలుసు.

సెప్టెంబరు 3, బుధవారం

పదకొండు గంటలప్పుడు రికార్డుల గది తలుపు చప్పుడైంది. పసుపు సంచి.

"ఖాళీయేనా మేడమ్? ఓ పావుగంట రండి."

ఎందుకని అడిగితే చెప్పలేదు. ప్రయోగశాల దాకా నడిపించుకెళ్లింది, తాళం తీసింది. వరసలుగా గాజు తొట్లు, నీళ్లు బుడబుడలాడుతున్నాయి. నా చిటికెన వేలంత కూడా లేవు చేపలు. ఒక చుక్క నీళ్లు గాజుపలక మీద వేసి, మైక్రోస్కోపు కింద పెట్టి, స్టూలు నా వైపు తోసింది.

"ఒక కన్నే పెట్టండి. రెండోది మూయక్కర్లేదు."

మొదట నా కనురెప్ప వెంట్రుకలే కనిపించాయి. తర్వాత వెలుతురు. వెలుతురులో గుండ్రటి గుడ్డు, గాజులా తేటగా, లోపల ముడుచుకుని పడుకున్న ఏదో. తల, కళ్లు కావలసినచోట రెండు నల్లటి మచ్చలు, తోక.

"నిన్న పొద్దున్నే పెట్టిన గుడ్డు మేడమ్. కంటికి ఆవగింజలో సగం కూడా ఉండదు. గొంతు కింద చూడండి. కదులుతోందా?"

కదులుతోంది. టప్ టప్ టప్ టప్, గబగబా, ఎవరూ చెప్పకుండానే. చర్మం లేనట్టే ఉంది, అంతా బయటికి కనబడిపోతోంది. ఒక్కో దెబ్బకి ఎర్రటి చుక్కలు వరసగా తోకదాకా పరుగెత్తి, మళ్లీ తిరిగొస్తున్నాయి.

"గుండె," అంది ఆ అమ్మాయి నా చెవి పక్కన.

నిన్న లేదు అది. నిన్న ఈపాటికి నేను ఏ కట్ట దుమ్ము దులుపుతున్నానో, అప్పుడు ఇది లేదు. నా గుండె చప్పుడు నాకే వినిపిస్తోంది. దాని పక్కన అది, ఆగకుండా, అలుపులేకుండా.

ఎంతసేపు చూశానో తెలియదు.

"మేడమ్, నాకు క్లాసుంది," అంది.

"నువ్వెళ్లు తల్లీ," అన్నాను, కన్ను తీయకుండా.